ఎర్రబొమ్మ కింద సంతకం

మద్రాసు, శుక్రవారం, 1957

చిత్రకారుడు రాఘవులు ఈ సాయంత్రం తన గ్యాలరీ తెరిచాడు. ఏ రూపమూ కనిపించని తన అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలకు గోడ ఇచ్చేవాళ్లు లేక ఏళ్లపాటు తిరిగి, చివరికి తనే హాలు పెట్టుకున్నాడు. అతని గురించి మా పేపర్లో నాలుగుసార్లు రాశాను.

ఎదురుగోడ మీది ఎర్రబొమ్మ కింద అతని సంతకం ఉంది. ఆ బొమ్మ మా తమ్ముడు మునిరత్నం వాషర్‌మెన్‌పేట్‌లో మా మిద్దె మీద వేసింది. రంగులో కలిపిన ఇసుకను తిరువొత్తియూరు సముద్రపొడ్డు నుంచి టిఫిన్ క్యారియర్లో తెచ్చింది నేను. అందులోని గవ్వముక్క ఇంకా కనిపిస్తోంది.

రాఘవులును పక్కకు పిలిచి అడిగాను. నవ్వాడు.

"దీంట్లో మనిషుండాడా, మానుండాదా? ఎవురిదని ఎట్ల చెప్తావు సామీ?"

ఇంటికొచ్చి, రేపు పేపర్లో బయటపెడతానని తమ్ముడితో అన్నాను. వాడు పెరంబూరు రైలు వర్క్‌షాపులో పని ముగించుకొని అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు.

"నేనే ఇచ్చినా, అన్నా. నా పేరుంటే ఎవురు చూస్తారు? ఆయన్ని గురించి నాలుగు తూర్లు రాస్తివే, నా గురించి ఒక్క తూరన్నా రాసినావా?"

ఇద్దరూ తెలిసే చేశారు. తెలియనిది నాకొక్కడికే.

సొంతవాళ్ల గురించి రాయకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. అది వాడికి ఏనాడూ చెప్పలేదు.