అమ్మ మొక్క పూసింది

రూసే, గురువారం.

చెల్లీ నెవెనా,

మంగళవారం సాయంత్రం అమ్మ పెంచిన అత్తగారి నాలుక మొక్క పూసింది. ఇక్కడ నేనూ ఇల్లూ క్షేమం.

చారల ఆకుల మధ్య ఒకే కాడ, దాని నిండా సన్నటి తెల్లపూలు. చీకటి పడితే వాసన మెట్ల దాకా వస్తోంది. ఆ వాసనకే ఎదురింటి స్తాంకా పిన్ని తలుపు కొట్టింది. "మీ అమ్మ ఏటేటా కొత్త కుండీ, కొత్త మట్టి అంటూ ఊడిగం చేస్తే ఒక్క మొగ్గ వెయ్యలేదు. నువ్వు నీళ్లు కూడా మర్చిపోతే పూసిందా! అచ్చం మా కోడలి బుద్ధే," అంది. నిజమే. అమ్మ పోయాక కుండీ ఎవరూ మార్చలేదు. వేళ్లు కిక్కిరిసి కుండీ పగిలింది. ఈ మొక్క పూయాలంటే ఆ ఇరుకే కావాలట. పగులు విడిపోకుండా ఇనుప తీగ చుట్టాను. నీ దగ్గరున్న పిలకకు కుండీ మార్చకు. ఎండ తగిలే కిటికీలో పెట్టు.

"నీ నోరు మూతపడ్డ రోజున పూస్తుందిలే," అని నాన్న అమ్మను ఏడిపించేవాడు, గుర్తుందా? అమ్మ చీపురు తీసేది. ఆమె పోయాక నీ దగ్గరికి వెళ్లిన నాన్న మళ్లీ ఈ గడప తొక్కలేదు. పూసిందని ఆయనకు ఒక్క మాట చెప్పు, రమ్మని బతిమాలకు. కళ్లు కనబడకపోయినా వాసన తెలుస్తుంది. పూలు వారం కంటే నిలవవు.

నాన్న కంటి చుక్కల మందు ఉందా? వస్తూ మిరపకాయల పచ్చడి సీసా పట్రా. నాన్న చేతికి నా ముద్దు, పిల్లలకు దీవెనలు.

శనివారం సాయంత్రం బండికి స్టేషన్‌లో ఉంటాను.

మీ అన్న
ఓగ్న్యాన్