మూడు ఇంజన్లకూ తొమ్మిదో నంబరే

కుప్పం,
12-7-2006.

మహారాజశ్రీ నాయన గారి సముఖానికి,

మీ ఏకైక పుత్రరత్నం కిషోర్ సాష్టాంగపడి, పడిన చోటినుంచే రాసుకునేది. ఈడ నేనూ, నా ఆకలీ క్షేమం. పుంగనూరులో అమ్మ మోకాళ్ళూ, మదనపల్లెలో మీ కొత్త బట్టల అంగడీ క్షేమమని తలుస్తాను. ఫోన్లో అయితే మధ్యలో పెట్టేస్తారు గాబట్టి ఉత్తరం.

మీ జాబులో మూడు ప్రశ్నలు అడిగినారు. మొదటిది, వేళకు తింటాండావా అని. తింటాండాను, అమ్మకు చెప్పండి. రెండోది, బీటెక్ చదివి బొమ్మ రైళ్ళకు నంబర్లు వేసుకుంటా కూర్చోడమేందిరా అని. విన్నవించుకుంటాను.

పట్టాలన్నిట్లో పారేది ఒకటే కరెంటు. ప్రతి ఇంజను కడుపులో గోరంత చిప్పు, దానికో నంబరు. రిమోట్‌లో పద్నాలుగు నొక్కి పొమ్మంటే పద్నాలుగే పోతుంది. తక్కినవి అత్తగారింట్లో కొత్తల్లుడి మాదిరి కదలవు. కంపెనీ నుంచి మాత్రం అన్నీ మూడో నంబరుతోనే వస్తాయి. అందుకే ఈడ నాకు పని నేర్పే రెడ్డెప్ప సారు కొత్త ఇంజనును విడిగా ఒక పట్టా ముక్క మీద ఒంటరిగా నిలబెట్టి, దానికో నంబరిచ్చి, నోటుబుక్కులో రాసుకుంటారు. ముప్పై ఏళ్ళు నిజం రైళ్ళు నడిపి రిటైరైన మనిషి. "ఒక నంబరుకు ఒకే ఇంజను కిషోరూ" అని నాకు రోజూ నాలుగుసార్లు పాఠం.

ఇంక అంగడి ప్రారంభం సంగతి. రైలే రాని మన పుంగనూరుకు మీ మదనపల్లె అంగడి అద్దాల కిటికీలో బొమ్మ స్టేషను కట్టి, మూడు ఇంజన్లు అరువిచ్చింది ఆ సారే. మీరు రిమోట్ నొక్కగానే మూడూ ఒక్కసారి లేచినాయి. రెండు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. మూడోది ఎగిరి గంగవరం పెద్దమ్మ కేసరి ప్లేటులో దిగింది. "కుప్పం ముసలాయప్ప పనికిరాని సరుకు అంటగట్టినాడప్పా!" అని మీరు వచ్చినోళ్ళందరికీ చెప్పినారు. సారు తల వంచుకుని ముక్కలు ఏరుకున్నారు. ఆ మాట ఊళ్ళు తిరిగింది. రామసముద్రంలో, గుర్రంకొండలో పిలకాయలకు రైళ్ళు చూపించమని పిలిచిన బడులు రెండూ ఇప్పుడు వద్దన్నాయి.

నాయనా, ఇంతసేపూ నవ్వించింది ఈ మాట చెప్పడానికి ధైర్యం కూడగట్టుకునేదానికే. ఆ పొద్దున మీరు నన్ను పక్కకు పిలిచి, "మన స్కూటరు తొమ్మిది, ఫోను తొమ్మిది, ఇంజన్లకు యాల తొమ్మిది లేదురా? అన్నిటికీ తొమ్మిదే పెట్టు, అంగడికి కలిసొస్తుంది" అన్నారు. సారు టిఫినుకు పోయినప్పుడు ఆయన నంబర్లు చెరిపి మూడింటికీ తొమ్మిదే పెట్టినాను. మీరు నొక్కేలోపల రెండింటిని పట్టాల మీంచి దించేద్దామనుకుని, రిబ్బను హడావిడిలో మరిచిపోయినాను. నిన్న సారుకు చెప్పేసినాను. "నువ్వేనని ఆ పొద్దే తెలుసులే. మీ నాయన ముందర నీ పరువు తీసేదెందుకని ఊరకున్నా" అన్నారు. తిట్టుంటే బాగుండేది.

పద్దెనిమిది, ఇరవై ఏడు, ముప్పై ఆరు కూడా కూడితే తొమ్మిదే. అవి పెట్టుంటే మీ మాటా నిలిచేది, ఇంజన్లూ బతికేవి. ఆ పొద్దు తట్టలేదు. ఈ పొద్దు తట్టినా పెట్టను. ఆయన ఇంజన్లకు ఆయన రాసుకున్న నంబర్లే.

మీ మూడో ప్రశ్న, గల్లాపెట్టె దగ్గర కూర్చోడానికి ఎప్పుడొస్తావు అని. రాను. ఈ పని వదలను. మీరు అలిగినా, అమ్మ చేత ఏడిపించినా సరే.

వచ్చే ఆదివారం పదిగంటలకు మాత్రం సారును వెంటబెట్టుకుని అంగడికి వస్తాండాను. బాగుచేసిన ఇంజన్లు ఒక్కోటిగా నడిపి, తప్పు నాదని అందరి ముందరా చెప్తాను. తొమ్మిది పెట్టమన్నది ఎవరో మీరే చెప్పాల, సారు ముఖం చూసి. షట్టరు దించుకుంటే దించుకోండి. మెట్ల మీద పట్టాలు పరుస్తాం.

ఇట్లు,
మాట వినని మీ కొడుకు,
కిషోర్