తలుపు ఎటు తెరుచుకోవాలి

గుద్వేగ్ పిన్నికి,

కొండ మీద ఫోను పనిచెయ్యదు కనక ఈ ఉత్తరం దారిలో మంచు తోసే సోంద్రే చేతికిచ్చి పంపుతున్నాను. అతని బండిలోనే కిందికి వచ్చెయ్యి.

నిన్న వడ్రంగి హల్వర్ తాతకి నీకు నేను కట్టిన చెక్క ఇంటి ఫొటోలు గర్వంగా చూపించాను. వాటిలో కనిపించే సరస్సు వైపు ఆయన చూడనే లేదు. "తలుపు బయటికి తెరుచుకుంటుందేమే? నడుంలోతు మంచు పేరుకుంటే మీ పిన్ని ఎలా తోస్తుంది? నువ్వు ఇల్లు కట్టావా, బోను కట్టావా?" అన్నాడు.

లోపలికి తెరుచుకుంటే పొయ్యి పక్కన నీ కుర్చీకి చోటు చాలదని అలా పెట్టాను. మంచు పడితే ఎలాగని నువ్వు అప్పుడే అడిగావు. "పాతకాలం భయాలు పిన్నీ" అని నవ్వేశాను. సరస్సు కనిపించే ఆ పెద్ద కిటికీ అద్దమూ తెరుచుకోదు. నువ్వెక్కడ కూర్చోవాలో ఆలోచించాను గానీ, ఎలా బయటపడాలో ఆలోచించలేదు.

శనివారం వచ్చి తలుపు మార్చేస్తాను. పొద్దున్నుంచీ ఇక్కడ మంచు ఆగలేదు, నాకు కుర్చీలో కుదురు లేదు.

నీ మొండితనం తెలుసు, రానంటావు. అయితే కట్టెల దగ్గరున్న గొడ్డలి ఇంట్లోకి తెచ్చుకో. తలుపు కదలకపోతే అద్దం పగలగొట్టు. నేను ఊరందరికీ చూపించుకున్న అద్దమని నా మొహం చూసి ఆగకు.

నీ అక్క కూతురు