విసిరికొట్టలేని తలుపు

అమ్మకి నమస్కారం. వస్తున్నానని కబురు పెట్టిన అక్క ఎందుకు రాలేదో రాయమంటే, నేను బావ కొత్త బండి మీద పురాణం విప్పుతున్నాను. ఈ మహాపరాధానికి కార్డు మూలన సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

అక్కని అడక్కుండా కొన్నాడన్న మాటే గానీ, బండికి వంక పెట్టడానికి నోరు రాదు. ఏడుగురం కూర్చోవచ్చు. బాగా కిందికి ఉంటుంది కాబట్టి అక్క అత్తగారు మోకాళ్ళ నొప్పులతోనే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేస్తున్నారు. మధ్య సీట్లో కూర్చుంటే ఎంతటివాడికైనా కునుకు పడుతుంది. నాకిచ్చిన చివరి సీట్లో మాత్రం మోకాళ్ళూ గడ్డమూ చుట్టరికం కలుపుకుంటున్నాయి. ఇంకో లోపం ఏమిటంటే, మోటారుతో పక్కకి జరిగే దాని తలుపుని కోపంతో విసిరికొట్టలేం. ఎంత లాగినా నింపాదిగానే మూసుకుంటుంది.

మొన్న స్టేషన్ దగ్గర అక్క "మా అమ్మ దగ్గరికి పోతున్నాను. ఈ బండితోనే కాపురం చేసుకోండి" అని సంచీతో దిగి, తలుపుని బలంగా లాగింది. అది సగం మూసుకుని, మళ్ళీ మెల్లగా తెరుచుకుంది. బావ వెనక్కి తిరిగి, "ఎక్కవే. ఇకమీదట నిన్నడక్కుండా టైరు కూడా మార్చను" అన్నాడు. అక్క ఎక్కింది. ఆయనే తలుపు తెరిచి పిలిచారని అక్క మురిపెం. వెళ్ళలేక తనే తెరిచిందని బావ ధీమా.

కాబట్టి అక్క కోసం పరుపు దులపకు. బీరువా మీదున్న నా స్వెట్టర్ పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? నాన్నకి నమస్కారాలు, చెల్లాయికి ఒక మొట్టికాయ.

పోస్టుమాన్ చదివినా ఫరవాలేదు గానీ, అక్కకి మాత్రం చెప్పకు. చివరి సీటు పక్కనున్న, తలుపు తెరిచే బటన్ నొక్కింది నేనే.