గోడ మీంచి కేక
ఏమయ్యా, ఉయ్యాల ఖాళీగా ఉందని కంగారు పడబాక. పిల్ల పక్కింటి కోటమ్మత్త దగ్గర నిద్రపోతంది. పప్పు పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తిను. నేను కుట్టిన జాకెట్లు ఈపూరులో ఇచ్చేసి సాయంత్రానికి వస్తా.

పిల్ల ఎక్కడ చేతిలోంచి జారుద్దోనని రోజూ వణుక్కుంటానే నీళ్లు పోసేదాన్ని. "మా అమ్మ ముగ్గుర్ని ఒక్కతే సాకింది" అని నువ్వంటంటే సిగ్గేసి ఎవర్నీ అడగలా. ఇయ్యాల అడిగేశా. కోటమ్మత్త కాళ్లు చాపుకుని కూర్చుని పిల్లకి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగేసి, "నువ్వు పొయ్యి పడుకోవే" అంది. చానా రోజులకి ఒళ్లు తెలీకుండా నిద్రపోయా.

ఇంకోటి. మీ ముగ్గురికీ నీళ్లు పోసింది కూడా కోటమ్మత్తేనంట. మీ అమ్మే గోడ మీంచి కేకేసి పిలిచేదంట. రేపట్నించి నేనూ కేకేస్తా.