మొదటి అడుగుల సంగతి

క్రెష్ టీచరు గారికి,

నమస్కారం. నిన్న ఉదయం పాపను దింపుతూ, మొదటిసారి నడిచిందని నేను సంబరంగా చెప్పగానే ఆయా నవ్వేసింది. "ఇప్పుడేంటి సార్, సోమవారం నుంచే గదంతా చుట్టేస్తోందిగా!" మీరు నాలుక కరుచుకున్నారు.

ఆ ముచ్చట ముందు నేనే చూడాలని దాచారు. మీది మంచి మనసు. కానీ పాప బోర్లా పడినప్పుడూ, మొదటి పన్ను వచ్చినప్పుడూ నేను ఆఫీసులోనే ఉన్నాను. సాయంత్రం చెప్పులు విప్పేలోపే మా ఆవిడ, "ఇటు రండి, మీ కూతురి ఘనకార్యం వినండి" అంటూ మొదలుపెట్టేది. ఆమె పోయి నాలుగు నెలలైంది. అప్పటినుంచి నాకెవరూ ఏమీ చెప్పలేదు.

ఇకపై ఏదీ దాచకండి. శనివారం పాప మొదటి పుట్టినరోజు. మీరూ, ఆయా తప్పక రండి. సోమవారం ఎక్కడినుంచి ఎక్కడికి నడిచిందో, ఎన్నిసార్లు పడిందో వివరంగా చెప్పండి.

పాప నాన్న