జాబ్రియా ఇంట్లో కారు మొరాయించిన ఉదయం

జాబ్రియా, కువైట్
గురువారం

చిరంజీవి సౌభాగ్యవతి సరోజకు అక్క దీవించి రాస్తున్నది.

నేనిక్కడ చల్లటి గదిలో కూర్చుని ఖర్జూరాలు తింటున్నానని రాశావు. సగం తప్పు. గది చల్లగానే ఉంటుంది, కూర్చోవడమే లేదు. ఈ ఇంటి పిల్లలు ముగ్గురి వెనకా పరిగెత్తుతున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? మరిది చుట్ట మానేశాడా? నేను క్షేమం. నీ కొడుకు రమణ కూడా క్షేమమే. నిజంగా క్షేమమే. ఇన్నిసార్లు రాస్తున్నానంటే ఏదో ఉందని నీకు తెలిసే ఉంటుంది. కంగారుపడకు. ఆ పని నేను చేస్తున్నాను, ఇద్దరెందుకు?

మంగళవారం పొద్దున యజమాని, మేం బాబా అంటాం, షర్క్ పేటలోని ఆఫీసుకు బయలుదేరాడు. రమణ తాళం తిప్పితే కారు రెండుసార్లు మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పితే టక్కుమంది, అంతే. "సయ్యారా ఖర్బాన్!" అని బాబా అరిచాడు, కారు పాడుచేశావని. వెంటనే "ఇఖామా ఖలాస్!" అన్నాడు. ఇక్కడ ఉండనిచ్చే ఆ కాగితం రద్దయితే రమణ విమానం ఎక్కాల్సిందే. వచ్చి ఏడు నెలలైనా కాలేదు.

"ఇంజను పోయినట్టుండాది పెద్దమ్మా. ఇంగ నన్ను పంపించేస్తారు" అన్నాడు రమణ.

"ముందు లైట్లు వెయ్యరా."

ఎనిమిదో తరగతికి ఇరవై ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని. కారు తెలియకపోయినా కరెంటు తెలుసు. లైట్లు నూనె అయిపోయిన బుడ్డిలా వెలిగాయి. తాళం తిప్పగానే అవీ ఆరిపోయాయి. హారన్ జలుబు చేసిన మేకలా పలికింది.

"ఇంజనుకు ఏ రోగమూ లేదు. బ్యాటరీ నీరసించింది. పక్కింటి డ్రైవర్ని పిలు."

అతను కారు తెచ్చి ఎదురుగా పెట్టి, రెండు బ్యాటరీలనూ వైర్లతో కలిపాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. కానీ బాబా ఎక్కలేదు. కొత్త బ్యాటరీ ఎందుకిలా అయిందని అడిగాడు. రమణ తల వంచుకున్నాడు. నాకొచ్చిన అరబ్బీలో, నిన్న కార్లో కళ్ళజోడు వెతుక్కుని లైటు ఆర్పడం నేనే మరిచానని చెప్పాను. బాబా నన్నొక చూపు చూసి ఎక్కాడు.

సాయంత్రం రమణను నిలదీశాను.

"లచ్చిమి పంపిన క్యాసెట్టు పెద్దమ్మా. పాప నాయనా అంటాంది అందులో."

మొదటి జీతంతో టేపురికార్డరు కొని మీకు పంపాడు కదా, మీరు మాట్లాడి పంపాలని. వినడానికి తనకొకటి కావాలని తోచలేదు. మధ్యాహ్నాలు కారు షెడ్డులో, ఇంజను ఆపి, కార్లోని టేపులో వింటున్నాడట.

"ఇంజను వేసుకుని వినొచ్చు కదరా?"

"పెట్రోలు బాబాది కదా పెద్దమ్మా."

"బ్యాటరీ ఏమన్నా నీ పెళ్ళికి పెట్టారా?"

క్యాసెట్టు నా పెట్టెలో దాచేశాను. ఇంతవరకూ బాబా ఏమీ అనలేదు. అరిచే మనిషి అరవకపోతే ఎక్కువ భయం. రేపు శుక్రవారం, సెలవు. ఇంటి తగవులన్నీ ఆ రోజే తేలుస్తాడు. నన్ను పంపితే పింఛను తింటూ నీ వంటకు వంకలు పెడతాను. వాణ్ణి పంపితే మీరేం తింటారు? పిలుపు గంట మోగినప్పుడల్లా ముందు నా పెట్టె తాళం చూసుకుంటున్నాను.

మరిదికి, పిల్లలకు దీవెనలు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, రమణ కోసం ఒక దణ్ణం పెట్టుకోమను. ఆవిడ మాట దేవుడు వింటాడు, నాతో వాదిస్తాడు.

ఇట్లు
నీ అక్క
సుభద్ర

తా.క. ఇది అందగానే పోస్టాఫీసులో విమానం ఉత్తరాలు నాలుగు కొని నీ కోడలు లక్ష్మికివ్వు. పాప ఏమంటోందో అన్నది అన్నట్టే రాయమను. పెన్సిలుతో వద్దు, సిరాతో, పెద్ద అక్షరాలతో. వాడు చదువుకునేది ఆ షెడ్డులోనే. అక్కడ వెలుతురు తక్కువ, కార్లో లైటు నేను వెయ్యనివ్వను.